గర్భిణి నిద్ర గురించి కూడా అడగండి!



నెలలు నిండేకొద్దీ చాలామంది గర్భిణులకు పక్కమీద వాలగానే కాళ్లలో ఏదో పాకుతున్నట్టు ఉంటుంది. లాగేస్తాయి, పీకుతాయి. కదిపితే కాస్త నయం, ఆపితే మళ్లీ మొదలు. తెల్లవార్లూ దొర్లి దొర్లి, పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి, వండి, కూలికో డ్యూటీకో పోవాలి. ఎవరితో చెప్పుకున్నా ఒకటే జవాబు: "కడుపుతో ఉన్నప్పుడు ఇవన్నీ మామూలేనమ్మా, ఓర్చుకో."

మామూలే కావచ్చు. అలాగని అన్నీ ఓర్చుకోవాల్సినవి కావు. ఒంట్లో ఐరన్ తగ్గిన వారిలో ఈ కాళ్ల బాధ ఎక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి: ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనతే. కొత్తగా గట్టి గురక మొదలైనా, దిగులుతో కంటిమీద కునుకు రాకపోయినా డాక్టరుకు తెలియాలి. గురక పెట్టే గర్భిణుల్లో బీపీ పెరిగే ముప్పు ఎక్కువ. అయినా పరీక్షకు వెళ్తే బరువు, బీపీ, రక్తం చూసి పంపుతారే గానీ, నిద్ర సంగతి అడిగేవారు తక్కువ.

అందుకే మేం కోరేది:

1. ప్రతి పరీక్షలోనూ "రాత్రి నిద్ర పడుతోందా? కాళ్లు లాగుతున్నాయా? గురక వస్తోందా?" అని అడిగి, జవాబును మాతా శిశు సంరక్షణ కార్డులో రాయాలి.

2. కాళ్ల బాధ చెప్పినవారికి హిమోగ్లోబిన్‌తో పాటు, ఐరన్ నిల్వలు తెలిపే ఫెరిటిన్ పరీక్షను సర్కారు ఆస్పత్రుల్లోనే ఉచితంగా చేయాలి. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఐరన్ నిల్వలు అడుగంటి ఉండొచ్చు.

3. చివరి మూడు నెలల్లో అడిగినవారికి, జీతం కోయకుండా నైట్ డ్యూటీ తప్పించాలి.

ఇంట్లోవాళ్లు చేయాల్సిందీ ఉంది. పొద్దుటి పని భర్త అందుకోవాలి. మధ్యాహ్నం ఆమె నడుం వాలిస్తే బద్ధకమని అనొద్దు. ఐరన్ మాత్రకూ టీ, కాఫీలకూ కనీసం గంట ఎడం ఉండాలి. ఏడో నెల నుంచి పక్కకు తిరిగి పడుకోవడం బిడ్డకు క్షేమం. మెలకువ వచ్చేసరికి వెల్లకిలా ఉంటే కంగారు పడకుండా మళ్లీ పక్కకు తిరిగితే చాలు. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు మాత్రం వేసుకోవద్దు.

ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద సర్కారు ఆస్పత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు చేస్తారు. ఆ రోజు తప్పక వెళ్లండి. వాళ్లు అడగకపోయినా మీ నిద్ర సంగతి మీరే చెప్పండి, కార్డులో రాయించుకోండి. మీ వీధిలో కడుపుతో ఉన్న ప్రతి ఆడబిడ్డకూ ఈ కరపత్రం చదివి వినిపించండి!