ర్యాంకు కాదు, మార్కులు చూద్దాం

వనస్థలిపురం నుండి దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళే విద్యార్థికి ర్యాంకు అనే మాటను వివరించనక్కరలేదు. పరీక్షా ఫలితాలు వెలువడిన మరునాడే కోచింగ్ కేంద్రాల గోడల మీద ఫోటోలూ అంకెలూ బారులు తీరుతాయి. అక్కడ చదివే ప్రతివారికీ ఒక సత్యం తెలుసు: ర్యాంకు మన చదువును మాత్రమే కొలవదు, పక్కవారి చదువును కూడా కొలుస్తుంది. నిరుటికన్నా మార్కులు పెరిగినా, ఇతరులకు అంతకంటె ఎక్కువ పెరిగితే మనం వెనుకబడతాం. దేశాల విషయానికి వచ్చేసరికి ఈ సత్యాన్ని మనం మరచిపోతున్నాం.

దేశ ప్రగతిని కేవలం సంపదతో కొలవరాదని భావించి, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 1990లో మానవాభివృద్ధి నివేదికను ప్రారంభించింది. అందుకు సారథ్యం వహించినవారు పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్. తోడ్పడినవారు కేంబ్రిడ్జిలో ఆయన సహాధ్యాయి, మన దేశీయుడైన అమర్త్య సేన్. సరిహద్దుకు ఇరువైపులా ఉన్న ఈ మిత్రులు లోకానికి చెప్పినది ఒక్కటే: మనిషి ఎంతకాలం బ్రతుకుతున్నాడు, ఎంత చదువుకొంటున్నాడు, ఎంత ఆదాయంతో జీవిస్తున్నాడు అన్నవే దేశానికి అసలైన పరీక్ష.

ఆ పరీక్షలో 2018 నివేదిక ప్రకారం మన స్థానం 189 దేశాలలో 130. 2025 నివేదికలో 193 దేశాలలో మళ్ళీ 130. ర్యాంకు కదలలేదు కనుక దేశం కదలలేదని అనుకోవడం పొరపాటు. మన మార్కు 0.640 నుండి 0.685కు పెరిగింది. 1990లో 58 ఏళ్ళ చిల్లర ఉన్న ఆయుర్దాయం 2023 నాటికి 72 ఏళ్ళకు చేరింది. మనం నడుస్తున్నాం, తోటివారూ నడుస్తున్నారు. అయితే మొత్తం ఉత్పత్తిలో ప్రపంచపు మొదటి ఐదు దేశాల సరసన నిలిచిన మనం, ఈ పట్టికలో 89వ స్థానాన ఉన్న శ్రీలంకకు ఎంతో వెనుక ఉన్నామనే మాట కూడా విస్మరింపదగినది కాదు.

ఇటువంటి పట్టికలు వెలువడినప్పుడల్లా మనలో రెండు ధోరణులు కనిపిస్తాయి. స్థానం మెరుగుపడితే పండుగ చేసుకొంటాం. దిగజారితే కొలత తప్పంటాం. ప్రపంచ ఆకలి సూచికలో 2024లో 127 దేశాలలో 105వ స్థానం వచ్చింది. అందులోని నాలుగు అంశాలలో మూడు పిల్లలకు సంబంధించినవే గనుక అది జనులందరి ఆకలికి కొలత కాదన్న వాదన ఉన్నది. ఆ వాదనలో కొంత సబబు లేకపోలేదు. కాని పరాయివారి పట్టికను పక్కన పెట్టినా, 2019-21లో మన ప్రభుత్వమే జరిపించిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఏమి చెప్పినది? అయిదేళ్ళలోపు పిల్లలలో దేశంలో 35.5 శాతం, తెలంగాణలో 33.1 శాతం వయసుకు తగిన ఎత్తు లేరు. అద్దాన్ని నిందించినంత మాత్రాన ముఖం మారదు.

మరొక విషయం. దేశపు సగటు అనేది ఎత్తుపల్లాలను కప్పివేసే దుప్పటి. 2011 జనగణనలో హైదరాబాదు జిల్లా అక్షరాస్యత 83 శాతం; ఆనాటి మహబూబ్‌నగర్ జిల్లాది 55 శాతం. మధ్య దూరం బస్సులో కొన్ని గంటలే! అసమానతలను లెక్కలోనికి తీసుకొంటే మన మానవాభివృద్ధి విలువలో 30.7 శాతం తరిగిపోతుందని 2025 నివేదిక చెప్పుచున్నది. మన అసలు పోటీ ఐస్‌లాండుతోనో, చైనాతోనో కాదు. మన ఊరికీ పక్క ఊరికీ, అన్నకూ చెల్లెలికీ మధ్యనున్న దూరంతో.

ఇరవై అయిదేళ్ళు నిండిన భారతీయుని సగటు చదువు ఏడేళ్ళు కూడా నిండలేదు. కనుక పట్టికను దిద్దే పని ఢిల్లీలోనే జరగదు. ఉర్దూ మాధ్యమం నుండి వచ్చినవారూ, తెలుగు మాధ్యమం నుండి వచ్చినవారూ ఒకే బల్లపై కూర్చునే మన వంటి కళాశాలలలో కూడా జరుగుతుంది. పదవ తరగతితో చదువు మానబోయే ఒక చెల్లెలిని మనం బడిలో నిలుపగలిగితే, రేపటి ఆ సగటులో ఆమె చదివిన ఏళ్ళు చేరతాయి.

మిత్రులారా! ర్యాంకు ఎంత అని అడుగుదాం, తప్పులేదు. కాని దానితో ఆగక, ఏ సబ్జెక్టులో తప్పాము, ఎవరిని వెనుక వదలి వచ్చాము అని కూడా అడుగుదాం. ఆ ప్రశ్నలకు నిజాయితీగా జవాబు వెదకిన జాతికి స్థానం దానంతట అదే లభిస్తుంది.