నడుమ దుబాసీ ఎందుకు?

చైనాను గురించి తెలుగుదేశపు అభ్యుదయవాదులు చేసినంత వాదోపవాదం, రష్యాను మినహాయిస్తే, మరే పరదేశాన్ని గురించీ చేసి వుండరు. 1964లో పార్టీ చీలినప్పుడూ, 1967లో నక్సల్బరీ రగిలినప్పుడూ చైనా మాట రాని సభ లేదు. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ యేడే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ రోజుల్లో యీ ప్రాంతపు యువకులు మావో రచనలను చదివారు, తర్కించారు. నేనడిగేది వొకటే: ఆ రచనల మూలభాషను నేర్చినవారు మనలో ఎందరు? వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. మన చేతికందిన చైనా చాలామటుకు ఇంగ్లీషు గుండా వచ్చినదే. సామ్రాజ్యవాదాన్ని తెల్లవార్లూ ఖండించే మనవారు, పొరుగు ప్రజలతో మాట్లాడటానికి దాని భాషనే దుబాసీగా నిలబెట్టుకున్నారు!

‘అనువాదాలుండగా మూలమెందుకు?’ అంటారు కొందరు మిత్రులు. వొక్క మాటను తీసుకుందాం. 1937లో మావో రాసిన వ్యాసం పేరులోని ‘వైరుధ్యం’ మనకు పండితుల మాట. చైనా భాషలో అది ‘మావ్‌దున్’; అంటే ఈటె-డాలు. దాని వెనుక హాన్ ఫే గ్రంథంలోని పాత కథ వున్నది. తన డాలును ఏదీ ఛేదించలేదనీ, తన ఈటె దేనినైనా ఛేదిస్తుందనీ వొక వర్తకుడు గొప్పలు పోతాడు. ఆ ఈటెతో ఆ డాలునే పొడిస్తే ఏమవుతుందని అడిగేసరికి నోట మాట రాదు. చైనా రైతు వినే మాటలో యీ కథ వున్నది. కోరుట్ల కూలీకి మన రాజకీయ పాఠం అందించినది మాత్రం నిఘంటువు మాట.

మరొక ఉదాహరణ. 1918లో లూ షున్ రాసిన ‘పిచ్చివాడి డైరీ’లో డైరీ అంతా వాడుకభాష, ముందున్న చిన్న పీఠిక మాత్రం గ్రాంథికం. పిచ్చివాడు ప్రజల భాషలో నిజం చెబుతాడు. అతనికి నయమై సర్కారు కొలువు కోసం పోయాడన్న కబురు పండిత భాషలో వస్తుంది. కథలోని కత్తి అంతా యీ తేడాలోనే వున్నది. ఇంగ్లీషులో యీ అంచు మొద్దుబారుతుంది. 1919లో ‘తెలుగు’ పత్రిక పెట్టి గ్రాంథికంతో పోరాడిన గిడుగు రామమూర్తి భాషలోనో? పీఠికను గ్రాంథికంలో, డైరీని వ్యావహారికంలో రాస్తే సరిపోతుంది. ఇంగ్లీషుకు లేని పనిముట్టు మన చేతిలో వుండగా, దాని వాకిట మనం నిలబడటమేమిటి?

‘ఆ భాష కష్టం’ అని మరో ఆక్షేపణ. కోరుట్ల నుంచి గల్ఫుకు పోయిన కూలీలు బడి లేకుండా, పుస్తకం లేకుండా, పనిలోనే అరబ్బీ పట్టుకుంటున్నారు. కళాశాల పండితులకు కష్టమన్న మాట ఎక్కడిది?

అన్నిటికన్నా బరువైన ఆక్షేపణ మూడవది: ‘చైనా పెట్టుబడి దారి పట్టింది, ఆ భాషతో యిక పనేమి?’ పని యిప్పుడే వున్నది. షెన్‌ఝెన్‌లో ఎలక్ట్రానిక్ వస్తువుల కర్మాగారపు కార్మికుడు, కవి షు లిఝి 2014లో 24 యేళ్ళకే ఆత్మహత్య చేసుకున్నాడు. మగ్గాల నడుమ ఆత్మహత్యలను చూసిన సిరిసిల్లకు అతని గొంతు పరాయిదా? ప్రభుత్వాల ప్రకటనలు ఇంగ్లీషులో వెంటనే వస్తాయి. కార్మికుని కవిత అంత వెంటనే రాదు. చైనాను మెచ్చేవారికి ఎంత అవసరమో, విమర్శించేవారికీ ఆ భాష అంతే అవసరం.

సిరిసిల్ల నేతగాళ్ళు బతుకుతెరువుకు వలసపోయిన షోలాపూరులోనే 1910లో ద్వారకానాథ్ కోట్నిస్ పుట్టాడు. 1938లో వైద్యబృందంతో చైనా వెళ్ళి, ఆ భాష నేర్చి, గాయపడిన సైనికుల నడుమ పనిచేసి, 1942 డిసెంబరు 9న అక్కడే కన్నుమూశాడు. ఆయన సంఘీభావం దుబాసీ మీద ఆధారపడలేదు.

కనుక సంఘం ముందు నా కోరిక యిది. యేటా యిద్దరు విద్యార్థులకైనా చైనా భాష చెప్పించండి. లూ షున్ కథ వొక్కటైనా మూలం నుంచి తెలుగులోకి రానివ్వండి. ఆ తరువాత చైనాను గురించి ఎంతైనా వాదించుకుందాం. అప్పుడది విన్నవారి వాదం అవుతుంది.