ముందు గ్రైండర్ కొనకండి



ఈ మధ్య మనోళ్లు చాలామంది ఒకటే అడుగుతున్నారు, ఇంటి దగ్గర చిన్న వర్క్‌షాప్ పెట్టుకుంటే ముందు ఏ మిషన్ కొనాలి అని. సెలవులకి ఊరొచ్చి వెదురు లైట్లు, స్టూళ్లు, పుస్తకాల అరలు చేసుకునే సరదా మాకు నలుగురికీ ఉంది. మా మాట ఒక్కటే: ముందు వైరుతో నడిచే డ్రిల్ కొనండి. గ్రైండర్ కాదు.

గ్రైండర్ ఇనుము కోయడానికి, అరగదీయడానికి చేసిన మిషన్. నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. దానికి పళ్ల బ్లేడు బిగించి కర్ర కోసే వీడియోలు చూసి, మాలో ఒకడు గార్డు కూడా తీసేసి టేకు పలక మీద పెట్టాడు. బ్లేడు కర్రలో పట్టేసింది, మిషన్ ఎగిరి చేతి మీదికొచ్చింది. చూపుడు వేలికి 7 కుట్లు. ఆసుపత్రికి ఆటోలో రెండు గంటలు, దారంతా తువ్వాలు నెత్తురే. వేలు మిగిలింది గానీ పూర్తిగా ముడవదు. పండగలకి డప్పు పట్టేవాడు, ఇప్పుడు పట్టడం లేదు. కర్ర కోయడానికి రంపం చాలదా? మన తాతలు బాడిసతో, ఉలితో చేసిన తలుపులు ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి కదా.

చేత్తో నిజంగా కష్టమయ్యేది బెజ్జం వేయడమే. అందుకే డ్రిల్. ట్రిగ్గర్ నొక్కినకొద్దీ స్పీడు పెరిగే రకం, 13 ఎం.ఎం. బిట్ పట్టేది తీసుకోండి. వెదురుకి ముందు 3 ఎం.ఎం. బిట్‌తో నిదానంగా వేసి, తర్వాత పెద్దది పెట్టండి. ఒకేసారి పెద్ద బిట్ పెడితే నిలువునా చీలుతుంది. మేం ఎన్ని బొంగులు పాడుచేశామో లెక్కలేదు.

కార్డ్‌లెస్ అయితే కరెంటు పోయినా నడుస్తుంది, నిజమే. కానీ చవక వాటి మీద 48, 88 అని అంకెలుంటాయి. మేం ఒక బ్యాటరీ విప్పి చూశాం, లోపల వరసగా 5 సెల్స్. ఒక్కోటి నిండా ఛార్జ్ అయితే 4.2 వోల్టులు, మొత్తం 21. అంతే! బ్యాటరీ నీరసించాక అదే రకం మళ్లీ దొరకడం ఇంకో తలనొప్పి.

మన ఇళ్లలో చాలావాటికి ఎర్తింగ్ సరిగ్గా ఉండదు. మిషన్ మీద చతురస్రంలో ఇంకో చతురస్రం గుర్తు ఉందా చూడండి. ఉంటే అది డబుల్ ఇన్సులేషన్, ఎర్త్ అక్కర్లేదు. తడి నేల మీద మాత్రం అదైనా వద్దు. రాత్రి వోల్టేజి పడిపోయాక కూడా వాడకండి. మోటారు నెమ్మదిస్తుంది, మనం ఇంకా గట్టిగా నొక్కుతాం, కాసేపటికి కమురు వాసన.

ఆ డబ్బు స్కాలర్‌షిప్‌దో, అమ్మ చింతపండు, అడ్డాకులు అమ్మినదో అయ్యుంటుంది. అందుకే షాపులో ధర కన్నా ముందు, ఈ మోడల్‌కి కార్బన్ బ్రష్‌లు ఇక్కడ దొరుకుతాయా అని అడగండి. దొరకవంటే ఎంత తగ్గించినా వదిలేయండి.

సంత రోజు మా డ్రిల్ ఖాళీగానే ఉంటుంది. కొనేముందు వచ్చి పట్టుకుని చూడండి. వెదురు ముక్కలు మీరే తెచ్చుకోవాలి, మావి అయిపోయాయి.