అవగాహన సదస్సు ముగిశాక ఏం జరిగింది?

అక్టోబరు 15న చేతుల శుభ్రత దినం, డిసెంబరు 1న ఎయిడ్స్ దినం. ర్యాలీ, కరపత్రాలు, ప్రతిజ్ఞ, ఫొటోలు, సాయంత్రానికి పైఅధికారులకు నివేదిక. ఇన్ని సదస్సులు పెట్టాం, ఇంతమందికి కౌన్సెలింగ్ ఇచ్చాం అని అందులో రాస్తారు. అది మనం చేసిన పని లెక్క. విన్నవాళ్లు ఆరు నెలల తర్వాత ఏ అలవాటు మార్చుకున్నారన్నది వేరే లెక్క, దాన్ని అడిగేవారు అరుదు. తప్పు ఆశా కార్యకర్తది కాదు, ఏఎన్‌ఎంది కాదు. రిజిస్టరులో ఏ గడి ఉంటే వాళ్లు అదే నింపుతారు. అందుకే ఆరోగ్య ప్రచారానికి డబ్బు కేటాయించే రోజునే దాని ఫలితాన్ని కొలవడానికీ కొంత పక్కన పెట్టాలని నా వాదన.

అలా కొలిస్తే ఏం తెలుస్తుందో చిత్తూరు జిల్లాలో జరిగిన 'సూపర్ అమ్మ' పరిశోధన చూపించింది. ఫలితాలు 2014లో అచ్చయ్యాయి. పద్నాలుగు గ్రామాలను తీసుకుని ఏడింటిలో ప్రచారం చేశారు, ఏడింటిని పోల్చి చూడటానికి ఉంచారు. క్రిముల మీద ఉపన్యాసాలు ఇవ్వలేదు. బిడ్డను పద్ధతిగా పెంచే తల్లి కథ చెప్పారు, మురికి చేతులంటే రోత పుట్టేలా చేశారు. తర్వాత 'మీరు సబ్బుతో కడుక్కుంటారా' అని అడిగి ఊరుకోలేదు, ఇళ్లలో కూర్చుని గమనించారు. చేతులు కడుక్కోవలసిన ముఖ్య సందర్భాల్లో సబ్బు వాడకం మొదట రెండు రకాల ఊళ్లలోనూ ఒకటి రెండు శాతమే. ఆరు నెలలకు ప్రచారం జరిగిన ఊళ్లలో అది 37 శాతమైంది, మిగతా ఊళ్లలో 6 శాతం. పోల్చడానికి ఆ ఏడు ఊళ్లు లేకపోతే తమంతట తాము మారిన కొద్దిమందిని కూడా ప్రచారం ఖాతాలోనే వేసుకునేవాళ్లం. ఏడాదికి మళ్లీ చూస్తే ఆ 37 కాస్తా 29కి దిగింది. ప్రచారం పనిచేసింది, కానీ ఒక్కసారి చేసి వదిలేస్తే చాలదు. ఈ రెండు సంగతులూ తెలిసింది కొలిచినందువల్లే.

తెలిసినంత మాత్రాన మనిషి మారడన్నది టాంజానియాలోని మ్వాంజా ప్రాంతంలో ఇంకా కటువుగా రుజువైంది. అక్కడ బడుల్లో, ఆరోగ్య కేంద్రాల్లో లైంగిక ఆరోగ్యం మీద యువతకు ఏళ్ల తరబడి బోధించారు. వాళ్లకు విషయం బాగా తెలిసింది, అభిప్రాయాలూ మారాయి. రక్తపరీక్షలు చేస్తే హెచ్‌ఐవీ మాత్రం తగ్గలేదు. ప్రశ్నపత్రంతోనే ఆపి ఉంటే ఆ కార్యక్రమం ఘనవిజయంగా నమోదయ్యేది. కౌన్సెలింగ్‌దీ ఇదే దారి. అమెరికాలో 1998లో అచ్చయిన అధ్యయనంలో, ఎదుటివారి పరిస్థితిని బట్టి రెండుసార్లు కాసేపు మాట్లాడితే ఆరు నెలల్లో కొత్తగా సుఖవ్యాధులు సోకినవారు 7.3 శాతం, ఉత్త హితబోధ విన్నవారిలో 10.4 శాతం. 2013లో మరో అధ్యయనంలో సుమారు అయిదు వేలమందికి త్వరిత హెచ్‌ఐవీ పరీక్ష చేసి, సగంమందికి కౌన్సెలింగ్ కూడా ఇచ్చారు. ఈసారి సుఖవ్యాధులు తగ్గలేదు. ఒకచోట, ఒక కాలంలో నెగ్గిన పద్ధతికి శాశ్వత యోగ్యతాపత్రం ఇవ్వకూడదు.

కౌన్సెలింగ్ రోగి హక్కు, దాన్ని లాభనష్టాల తక్కెడలో వేయడమేమిటని అడిగేవాళ్లున్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. హెచ్‌ఐవీ పరీక్షకు ముందూ తర్వాతా కౌన్సెలింగ్ ఉండాలని మన 2017 చట్టమే చెబుతోంది. వ్యాధి తగ్గలేదన్న సాకుతో దాన్ని ఎత్తేయకూడదు. అయితే ఆ హక్కు సంతకానికే పరిమితమైందా, మనిషికి నిజంగా అందిందా అన్నది కూడా కొలిస్తేనే కదా తెలిసేది? మాత్రలు లేని ఆరోగ్య కేంద్రంలో, నీళ్లు రాని ఊళ్లో చెప్పే మాటలు ఫలించకపోతే తప్పు చెప్పినవాళ్లదా అన్నది ఇంకో అభ్యంతరం. కాదు. అందుకే మాత్రలు, నీళ్లు, సబ్బు ఉన్నాయో లేదో కూడా మూల్యాంకనంలో నమోదు కావాలి. ఖర్చు సంగతంటారా, ప్రతి మండలంలోనూ పరిశోధన చేయమని ఎవరూ కోరడం లేదు. కొత్త కార్యక్రమాన్ని అన్ని ఊళ్లలో ఒకేసారి కాకుండా విడతలుగా మొదలుపెడితే, వంతు రాని ఊళ్లే పోలికకు పనికొస్తాయి. చూసి లెక్కగట్టే పని మాత్రం ఆ కార్యక్రమం నడిపినవాళ్లకు అప్పగించకూడదు.

రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు వచ్చే ఏడాది కనీసం ఒక్క ప్రచారాన్నైనా ఇలా కొలిచి, ఫలితం ఎలా వచ్చినా దాచకుండా ప్రజల ముందు పెట్టాలి.