బజ్జీ బండికీ మిషన్లు వచ్చాయి, ధర మాత్రం దిగలేదు

రెంజల్: పొద్దున ఇడ్లీ, సాయంత్రం మిర్చి బజ్జీ లేనిదే మన పల్లెల్లో పొద్దు గడవదు. నాట్లు వేసి వచ్చే కూలీకి, బోధన్ బస్సెక్కే విద్యార్థికి, కందకుర్తి సంగమంలో స్నానమాడి వచ్చే యాత్రికునికి రోడ్డు పక్క బండే ఆధారం. ఇప్పుడా బండి తీరు మారుతోంది. ఈ మార్పు వల్ల ఎవరికి లాభమో ఆలోచించవలసిన సమయం వచ్చింది.

పూర్వం తెల్లవారకముందే ఆడవాళ్లు రోటి ముందు కూర్చుంటే గాని టిఫిను తయారయ్యేది కాదు. కోయంబత్తూరులో 1950 దశకంలో పుట్టిన కరెంటు గ్రైండరు ఆ శ్రమ తప్పించింది. అందుకు ఎవరూ విచారించనక్కర లేదు. కాని పిండి రుబ్బిన చేతులకు వేరే పని చూపినవారు లేరు. నేడు పట్నాల్లో దోసెలు పోసే మిషన్లు, మనిషితో పని లేకుండా ఆర్డరు తీసుకునే తెరలు కూడా వచ్చాయి.

మిషను వస్తే సరుకు చవక కావాలి. బజ్జీ చవక కాలేదు. పామాయిలు ఎక్కువగా ఇండోనేషియా, మలేషియాల నుంచి రావాలి. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి నూనెపై మూల దిగుమతి సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచింది. 2025 మే నెలాఖరులో 10 శాతానికి తగ్గించింది. ఇక గ్యాసు సంగతి. బండివారు 19 కిలోల వాణిజ్య సిలిండరే కొనాలి, ఇంటి సిలిండరు వాడితే కేసు. ధర పెంచితే గిరాకీ పోతుంది. అందుకే బజ్జీ చిన్నదవుతోంది, సాయానికి ఉన్న మనిషి ఇంటికి పోతున్నాడు.

అమెరికాలోని కాలిఫోర్నియాలో 2024 ఏప్రిల్ 1 నుంచి పెద్ద ఫాస్ట్ ఫుడ్ కంపెనీలు గంటకు కనీసం 20 డాలర్ల కూలి ఇవ్వాలని చట్టం చేశారు. కూలి పెరిగితే మిషన్లు పెట్టుకుంటామని అక్కడి యజమానులు వాదించారు. ఇక్కడ బండి మీద పనిచేసేవారికి అటువంటి చట్టమూ లేదు, అడిగే సంఘమూ లేదు.

2015లో బోధన్ చక్కెర మిల్లు మూతపడినప్పుడు జిల్లా అంతా గోల చేసింది. బండి దగ్గర ఒక మనిషి పని పోతే ఎవరికీ వినపడదు.

మిషను వద్దని ఎవరూ అనరు. అది ఎవరి చేతిలో ఉందన్నదే ప్రశ్న. వీధి వ్యాపారుల కోసం 2020లో పెట్టిన స్వనిధి రుణం పట్టణాల్లో అమ్ముకునేవారికే గాని పల్లె బండికి వర్తించేలా పెట్టలేదు. అదే ఏడాది వచ్చిన చిన్న ఆహార పరిశ్రమల పథకంలో 35 శాతం సబ్సిడీ, మహిళా సంఘాలకు మూలధనం ఉన్నాయి. ఊరి సంఘమే గ్రైండరు పెట్టి బండ్లకు పిండి అమ్మితే పని ఊళ్లోనే నిలుస్తుంది. అధికారులు, బ్యాంకులవారు గ్రామసభల్లో ఈ సంగతి వివరించాలి. పల్లె బండికీ రుణం ఇప్పించాలి. మిషను తెచ్చే లాభంలో కష్టపడే చేతికీ వాటా ఉండాలి.