బోన్ స్కాన్: అవసరమైనంతే రేడియేషన్

డాక్టరుగారు బోన్ స్కాన్‌కు చీటీ రాయగానే ఇళ్లలో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "ఇది కరెంటు పెట్టడం లాంటిదేమో, వద్దులే" అని కొందరు మానేస్తారు. "ఎలాగూ వచ్చాం, ఎముకలన్నీ ఒకసారి చూసేయండి" అని మరికొందరు తామే అడుగుతారు. ఈ రెండూ సరికావని మా అభిప్రాయం.

ఈ పరీక్షలో ఎముకలకు చేరే మందుతో టెక్నీషియం-99ఎం కలిపి నరానికి ఇంజెక్షన్ ఇస్తారు. రెండు నుంచి నాలుగు గంటల తరువాత కెమెరాతో బొమ్మ తీస్తారు. ఆ పదార్థపు రేడియేషన్ ప్రతి 6 గంటలకు సగమవుతుంది. పెద్దవారికి 20 మిల్లీక్యూరీలు ఇస్తే శరీరానికి చేరేది సుమారు 4 మిల్లీసీవర్టులు. ప్రకృతి నుంచే మనిషికి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్టులు అందుతాయి. కాబట్టి క్యాన్సర్ ఎముకలకు పాకిందో లేదో తెలియవలసిన రోగి ఈ పరీక్షకు భయపడనక్కరలేదు. అలాగని ఊరికే చేయించుకోదగ్గదీ కాదు.

మోతాదు తగ్గించడానికి మొదటి మార్గం అక్కరలేని స్కాన్ మానడమే. ప్రోస్టేట్, రొమ్ము క్యాన్సర్లు తొలి దశలో ఉండి, పాకే ప్రమాదం తక్కువగా ఉంటే దశ నిర్ణయం కోసం బోన్ స్కాన్ వద్దని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2012లోనే సూచించింది. అందుకే "ఈ పరీక్ష వల్ల నా వైద్యం మారుతుందా?" అని మీ డాక్టరును అడగండి. అది మర్యాద తప్పడం కాదు, మీ హక్కు.

పిల్లల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. 2010 నాటి ఉత్తర అమెరికా మార్గదర్శకాల ప్రకారం కిలోకు 0.25 మిల్లీక్యూరీ చాలు. అంటే 16 కిలోల బిడ్డకు 4 మిల్లీక్యూరీలే. కనుక స్కాన్‌కు ముందు బిడ్డ బరువు తూచారో లేదో తల్లిదండ్రులు గమనించాలి.

అయితే మోతాదు మరీ తగ్గిస్తే బొమ్మ మసకగా వస్తుంది. మళ్లీ ఇంజెక్షన్ ఇవ్వవలసి వస్తే తగ్గించిన లాభం పోయినట్టే. తక్కువ మోతాదుతో బొమ్మ బాగా రావాలంటే కెమెరా కింద ఎక్కువసేపు కదలకుండా పడుకోవాలి. కొత్త సాఫ్ట్‌వేర్ కూడా ఇందుకు సాయపడుతుంది. సీటీ కలిపి తీసేటప్పుడు అనుమానం ఉన్న చోటుకే పరిమితం చేస్తే ఇంకొంత తగ్గుతుంది.

మీరు చేయగలిగినవీ ఉన్నాయి. ఇంజెక్షన్ తరువాత నీళ్లు బాగా తాగి, తరచుగా మూత్రవిసర్జన చేయండి. ఎముకలకు పట్టని మందు మూత్రంలోనే పోతుంది. ఆపుకుంటే మూత్రాశయానికే ఎక్కువ రేడియేషన్ తగులుతుంది. నీళ్లు తక్కువ తాగమని చెప్పిన గుండె, కిడ్నీ రోగులు ముందుగా డాక్టరును అడగాలి. పాత ఫిల్ములు, రిపోర్టులు తప్పక వెంట తెచ్చుకోండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఇంజెక్షన్‌కు ముందే ఆ సంగతి చెప్పాలి.

అవసరమైన స్కాన్ భయంతో మానినా, అక్కరలేనిది ఆత్రంతో చేయించుకున్నా నష్టపోయేది రోగే. అడిగి, తెలుసుకుని చేయించుకోవడమే క్షేమమని మేము నమ్ముతున్నాము.