వలస వెళ్లినా ఆగరాని ఎ.ఆర్.టి. చికిత్స

కర్నూలు/కడప: దసరా దాటిన నాటి నుంచి ఆదోని, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు ప్రాంతాల పల్లెలలో ఇళ్లకు తాళాలు పడుతుంటాయి. వానలు మొగం చాటేసిన ఏడాది కుటుంబాలకు కుటుంబాలే పత్తి తీతకు, ఆపై మిరప కోతలకు గుంటూరు వైపు తరలిపోతాయి. హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నవారికి ప్రభుత్వం ఉచితంగా అందజేస్తున్న మిశ్రమ మాత్రల విషయంలో రాయలసీమ మెట్ట ప్రాంతానికి ఎదురవుతున్న గట్టి పరీక్ష ఈ వలసే.

ఒకప్పుడు అడ్డంకి ధర. ధనిక దేశాలలో ఏడాది చికిత్సకు పది వేల డాలర్లకు పైగా వ్యయమవుతున్న రోజులలో, 2001లో, సిప్లా సంస్థ మూడు మందులను ఏడాదికి 350 డాలర్లకే ఎం.ఎస్.ఎఫ్. వైద్య సేవా సంస్థకు ఇవ్వజూపింది. 2004 ఏప్రిల్ 1న దేశంలో ఉచిత చికిత్స ప్రారంభమైంది. వ్యాధి తీవ్రత దృష్ట్యా తొలి విడతకు ఎంపికైన ఆరు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2017 నుంచి రోగనిరోధక కణాల సంఖ్యతో నిమిత్తం లేకుండా, వ్యాధి నిర్ధారణ అయిన ప్రతి ఒక్కరికీ మందులు ఇవ్వాలన్న విధానం అమలులోకి వచ్చింది.

కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలోను, కడప రిమ్స్‌లోను ఎ.ఆర్.టి. కేంద్రాలు పనిచేస్తున్నాయి. టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు కలిసిన మాత్రను రోజుకు ఒకటి వాడితే చాలు. మొదటి రెండు మందులు వైరస్ తన జన్యు పదార్థానికి నకలు తయారుచేసుకోకుండా నిరోధిస్తాయి. మూడవది ఆ నకలు మానవ కణంలోని జన్యువులతో అతుక్కోకుండా ఆపుతుంది. వైరస్‌ను శరీరం నుంచి పూర్తిగా తొలగించే శక్తి మాత్రం వీటికి లేదు. కనుకనే ఇది జీవితకాల చికిత్స.

అంతకు ముందు డోలుటెగ్రావిర్ స్థానంలో ఎఫావిరెంజ్ ఉండేది. మాత్రలు మానిన తరువాత కూడా అది కొద్దికొద్దిగా చాలా రోజులు రక్తంలో మిగిలి, వైరస్ ఆ మందుకు లొంగకుండా మారే అవకాశం కల్పించేది. కొత్త మాత్రతో ఈ ప్రమాదం బాగా తగ్గింది. అయినా మానివేస్తే కొద్ది వారాలలోనే వైరస్ తిరిగి విజృంభిస్తుంది. క్షయ సోకి రిఫాంపిసిన్ వాడుతున్నవారికి మరో చిక్కు ఉన్నది. ఆ మందు డోలుటెగ్రావిర్ ప్రభావాన్ని తగ్గిస్తుంది గనుక పన్నెండు గంటల తరువాత మరో 50 మిల్లీగ్రాములు అదనంగా ఇవ్వవలసి ఉంటుంది. కూలికి వెళ్లిన చోట క్షయకు మందులు మొదలుపెట్టే వైద్యునికి ఎ.ఆర్.టి. సంగతి తెలియకపోతే ఈ రెండవ మోతాదు తప్పిపోతుంది.

ఆరోగ్యం నిలకడగా ఉన్నవారికి మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇచ్చే వెసులుబాటు ఉన్నది. వలస అంతకు మించితే, వెళ్లిన ప్రాంతంలోని కేంద్రానికి బదిలీ కోరవచ్చును. కాగితం మీద ఇది సులువే. పది మంది ఒకే గుడారంలో తలదాచుకునే చోట మాత్రల డబ్బా మేస్త్రీ కంట పడుతుందేమోనన్న బెరుకును ఏ ఉత్తర్వూ తీర్చలేదు. కడప వైపు వలసలది మరో తీరు. గల్ఫ్ దేశాలకు వెళ్లేవారికి హెచ్.ఐ.వి. పరీక్ష తప్పనిసరి. వ్యాధి ఉన్నదని తేలితే కువైట్ దారి మూసుకుపోతుంది.

2018 సెప్టెంబరు 10న అమలులోకి వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం ప్రకారం బాధితుల సమ్మతి లేనిదే వారి వివరాలు వెల్లడించరాదు. కార్యాలయాలకు, పత్రికలకు కూడా ఇది వర్తించే మాటే. ఎ.ఆర్.టి. వాడుతున్న అర్హులకు 2024 జూలై నుంచి ఎన్.టి.ఆర్. భరోసా కింద నెలకు రూ.4,000 పింఛను అందుతున్నది.

చికిత్స మొదలైన ఆరు నెలలకు, పన్నెండు నెలలకు, ఆపై ఏటా ఒకసారి రక్తంలో వైరస్ పరిమాణాన్ని పరీక్షిస్తారు. మిల్లీలీటరుకు వెయ్యి దాటితే చికిత్సను సమీక్షించవలసిందే. ఉగాదికి ఊరు చేరినవారు వలసలో మాత్రలు మింగినదీ లేనిదీ ఆ పరీక్షలోనే బయటపడుతుంది.